పసుధేశ్వరుడు

నాలుగు నెలలు కథను మురగబెట్టిన ఉపసంపాదకులవారు నిన్న సాయంత్రం నాలుగున్నరకి ఫోన్ చేసి, "ఈ సంచికలో ఇంకో కథలోనూ నాయిక రమేనండీ. మీ రమ పేరు మార్చి అయిదింటికల్లా పంపండి" అన్నారు. ఆ ఇంకో రమను మార్చకూడదా అని అడిగేలోగా పెట్టేశారు.

సరే, సుధ. రెండక్షరాలకు రెండక్షరాలు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో 'హోల్ వర్డ్స్ ఓన్లీ' గడికి టిక్ పెడితే మూడంటే మూడు చోట్ల మారింది. ఆ గడి ఇంగ్లీషు కోసం పుట్టింది. మన విభక్తులు పేరుకి అతుక్కునే ఉంటాయి కాబట్టి రమకు, రమతో, రమని దాని లెక్కలో వేరే మాటలు. చిరాకేసి టిక్ తీసేసి 'రీప్లేస్ ఆల్' నొక్కా. 118 చోట్ల మార్చానంది. అప్పుడైనా అనుమానం రావద్దూ? కథలో రమ రెండో పేజీలోనే అలిగి పుట్టింటికి పోతుంది!

పంపేశాక చదివా. మామగారి పదవీ విరమణ 'విసుధణ' అయింది. అత్తగారు కోడల్ని లోపలికి 'సుధ్మంది'. రమారమి పాతికవేల అప్పు 'సుధాసుధి' పాతికవేలైంది (ఇది మాత్రం పాతదానికంటే బాగుంది). క్రావడిలో దాక్కున్నా వదల్లేదు. అదీ లోపల ర యే కదా, శ్రమ, భ్రమ, క్రమం నోరు తిరక్కుండా పోయాయి. ధర్మం ఒక్కటే నిలబడింది. ర కీ మ కీ మధ్య కంప్యూటర్ ఒక పొల్లు దాచుకుంటుంది గనక బతికిపోయింది, ధర్మానికి అంతకుమించి దిక్కేమీ లేదు. చివరి పేరాలో ముసలమ్మ చేతులు జోడించి, కన్నీళ్లతో, "పసుధేశ్వరా!" అంది.

కంట్రోల్ జడ్ కొడదామంటే ఫైలు మూసేశా. నకలు లేదు. పేరుకి ముందు స్పేస్ కూడా కలిపి వెతికుంటే పరమేశ్వరుడు దక్కేవాడు గానీ రమ్మనడం దక్కేది కాదు. ఒక్కొక్కటీ 'ఫైండ్ నెక్స్ట్'తో చూసి మార్చడమే దారి, ఇరవై నిమిషాల పని. తెలివైనవాళ్లయితే చిత్తుప్రతిలోనే @రమ అని రాసుకుని, పేరు ఖాయమయ్యాక ఆ గుర్తు తీసేస్తారు.

పొద్దున్నే ఉపసంపాదకులవారి ఫోన్.

"కథ బావుందండీ. ఇది ఏ జిల్లా మాండలికం?"

"కొత్త జిల్లాదండీ" అన్నాను.