చూసేవాళ్ల కోసం పెట్టే ఖర్చు

నెల మొదటి వారంలో నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో సరుకులు కట్టించుకోవడానికి నిలబడితే నాలుగిళ్ల జమాఖర్చులు మన చెవిన పడతాయి. మొన్న నా ముందు ఒక జంట ఉన్నారు. ఆమె చంకలో ఏడాదిన్నర పాప, ఆయన వేలు పట్టుకుని నాలుగేళ్ల బాబు. "కందిపప్పు రెండు కిలోలేనా అమ్మా?" అని అంగడి ఆయన అడిగితే, ఆమె ఫోనులో ఏదో కూడుకుని "ఈసారి ఒకటి చాలన్నా" అంది. చీటీలో వేరుశనగ గుళ్లు కొట్టేశారు. అరకిలో నెయ్యి పావుకిలో అయింది. డబ్బు కట్టి కదలబోతుంటే బాబు పైన వేలాడే ప్యాకెట్ల దండ వైపు చెయ్యి చాపాడు. పది రూపాయలవి రెండు తెంపి ఇచ్చారు. వాటికి మాత్రం ఎవరూ లెక్క చూసుకోలేదు.

వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. మా ఇంట్లోనూ ఇదే తంతు. ఇద్దరు పిల్లలకు రోజుకో ప్యాకెట్ చొప్పున నెలకు 600 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలు వేసుకున్నా ఆ డబ్బుకు 85 గుడ్లు వస్తాయి. ఇద్దరికీ రోజుకొకటి పెట్టినా ఇంకా పాతిక మిగులుతాయి.

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ఇదే సంగతిని దేశం మొత్తానికి చెప్పింది. గ్రామీణ కుటుంబాల ఖర్చులో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా 5 శాతంలోపే ఉంటే, పానీయాలు, ప్రాసెస్ చేసిన ఆహారం వాటా 9.62 శాతం ఉంది. రేషన్ బియ్యం పుణ్యమా అని ధాన్యం వాటా తగ్గి ఉండవచ్చు, రెండో పద్దులో హోటలు భోజనం కూడా కలిసే ఉంటుంది. అయినా దాదాపు రెట్టింపు అంటే ఆలోచించాల్సిందే.

నన్నడిగితే ప్యాకెట్లు చిన్న చిల్లు. పెద్ద గండి మరోచోట ఉంది. మా పెద్దమ్మాయి తొలి పుట్టినరోజు సంగతే చెబుతాను. నెలకు 7,500 చొప్పున ఇరవై నెలల చీటీ కడుతూ, అయిదో నెలలో పద్దెనిమిది వేలు వదులుకుని పాడుకున్నాను. మినీ బైపాస్ పక్కన హాలు, బెలూన్ల తోరణం, భోజనాల్లో చేపల పులుసు తప్పనిసరి (లేకపోతే నెల్లూరులో అది విందే కాదు). పాపకు నెట్ గౌను తొడిగాం. మెడ దగ్గర గీరుకుని ఎర్రబడింది. కేకు కోసేంతవరకూ ఏడుస్తూనే ఉంది. మా అత్తగారు లోపలికి తీసుకెళ్లి, సంచిలో ఉన్న పాత నూలు చొక్కా వేశారు. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. వచ్చినవాళ్లు అక్షింతలు వేసింది నిద్రపోతున్న పాప మీదే.

మిగిలిన పదిహేను నెలలూ చీటీ కట్టాలి కదా. అన్నాళ్లూ మా ఇంటికి లీటరు బదులు అరలీటరు పాలే వచ్చాయి. పాప పేరుతో పెట్టిన ఖర్చును పాప గ్లాసులోంచే రాబట్టాం. అప్పుడు దాన్ని మేం పొదుపు అనుకున్నాం.

ఎల్‌కేజీ ఫీజుదీ ఇదే కథ. బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం ఒకటో తరగతి నుంచే వర్తిస్తుంది కాబట్టి అంతకుముందు ఏళ్ల ఫీజు పూర్తిగా మన జేబులోదే. మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీలో ఆటపాటలు, వేడి భోజనం, గుడ్డు, పాలు ఉన్నాయి. అన్ని కేంద్రాలూ ఒకేలా ఉండవు, ఇరుకు అద్దె గదుల్లో నడిచేవీ ఉన్నాయి. కానీ ఒక్కసారైనా వెళ్లి చూశాక వద్దనుకునేవాళ్లు ఎందరు? "మీవాడిని ఎక్కడ వేశారు?" అన్న ప్రశ్నకు అంగన్‌వాడీ అని చెప్పడానికి నోరు రాదు, అంతే.

టీకాలకూ ఈ మొహమాటం అవసరం లేదు. నీళ్ల విరేచనాలను అడ్డుకునే రోటావైరస్ చుక్కలు మన రాష్ట్రంలో 2016 నుంచి, న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ 2021 నుంచి ప్రభుత్వ పట్టికలోనే ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు.

అయితే ఖర్చు తగ్గించడం గురించి రాసే మగవాళ్లు, నాతో సహా, ఒక పద్దును దాటేస్తుంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నెలకు 1,500 పెట్టే ఇంటికి దానివల్ల మిగిలేది వంద రూపాయలలోపే. పాత నూలుచీర చింపి గుడ్డలు కడితే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుందని పెద్దవాళ్లు అంటారు. నిజమే. కానీ రోజుకు పది గుడ్డలు నానబెట్టి, ఉతికి, ముసురు పట్టినప్పుడు ఫ్యాన్ కింద ఆరబెట్టేది ఎవరు? ఆ చాకిరీకి కూలి వేయం కాబట్టి అది మనకు ఆదాగా కనబడుతుంది. ప్యాకెట్ మాన్పించి జంతికలు ఒత్తమనడం కూడా అలాంటిదే. ఫంక్షన్ మానుకుంటే మాత్రం ఎవరి నడుమూ విరగదు, అందుకే ముందు దాని జోలికి వెళ్లాలంటాను.

రెండోవాడు పుట్టాక మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది: రాత్రికి డైపర్, పగలు గుడ్డ, ఉతుకు నా వంతు. వారం తిరిగేసరికి డైపర్ ధర మరీ అంత ఎక్కువేమీ కాదేమో అనిపించింది నాకు.