కంచులో సురవరమా, కాగితంలో సురవరమా?

ఊళ్లో నాలుగు రోడ్ల కూడలిలో గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి కంచు విగ్రహం పెట్టాలని చందాలు వసూలు చేస్తున్నారు. చందా రాసిన మామ రిటైర్డ్ తెలుగు మాస్టారు. రాయనన్నది ఆయన మేనల్లుడు.

మామ: ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. తెలుగు యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు. పాలమూరు మనిషి, మన ఊళ్లో ఉండొద్దా?

అల్లుడు: జయంతికో దండ, వర్ధంతికో దండ. మిగతా రోజులు ఫ్లెక్సీల వెనకే ఉంటాడు. ఆ డబ్బుతో పత్రిక పాత సంచికల కాపీలు తెప్పించి లైబ్రరీలో పెడదాం మామా.

మామ: ఎవరు చదువుతారురా? మొన్న నీ బిడ్డ అంబేద్కర్ విగ్రహం దగ్గర ఆగి, "తాతా, ఆ చేతిలో పుస్తకం ఏంటి?" అంది. రాజ్యాంగం గురించి అరగంట చెప్పించుకుంది. బీరువాలో పుస్తకం దారిన పోయే పిల్లను ఆపుతుందా?

అల్లుడు: ఆపదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ విగ్రహానికి కాపలా ఎవరు? 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ జరిగిన రోజు ట్యాంక్‌బండ్ మీద ఎన్ని విరిగాయో చూశాం కదా.

మామ: దాన్ని ఇందులోకి లాగకు. అక్కడ తెలంగాణ వాళ్లవి ఎన్ని పెట్టారు? కడుపుమంట అది.

అల్లుడు: శ్రీశ్రీ మీద కడుపుమంట ఏంటి మామా?

మామ: అది తప్పే. తప్పని ఆ రోజే అన్నాను. విషయానికి రా.

అల్లుడు: విగ్రహం ఆయన ముఖం చూపిస్తుంది, పని చూపించదు. నిజాం ఏలుబడిలో, ఉర్దూదే పెత్తనమైన హైదరాబాద్‌లో, 1926లో తెలుగు పత్రిక పెట్టాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరంటే తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. పర్మిషన్ లేకుండా సంపాదకీయాలు రాయొద్దని సర్కారు ఆంక్ష పెడితే, ఆ చోట్లో లోకంలోని మేధావుల సూక్తులు అచ్చేశాడు! ఆ పేజీ చూసిన పిల్లకు పత్రిక అంటే ఏంటో తెలుస్తుంది. దిమ్మె మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ చదివితే ఏం తెలుస్తుంది? ముప్పై ఏళ్లు పాఠం చెప్పావు, ఆ పత్రిక ఒక్క సంచికైనా చేత్తో పట్టుకున్నావా?

మామ: లేదు. ఆయన పేరు చెప్పాను, బతుకు చెప్పాను. పత్రిక మాత్రం చూడలేదు.

అల్లుడు: చందా పుస్తకంలో సంచికల కోసం ఇంకో పేజీ పెట్టించు. మొదటి పేరు నాది రాసుకో.

మామ: పెట్టిస్తాను. విగ్రహం పేజీలో నా పేరు మాత్రం కొట్టేయను.