బాబాయి మాగాయ, నా విషయసూచిక

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న ఆఫీసులో వంటల వెబ్‌సైటుకి వ్యాసాలు రాయడం నా ఉద్యోగం. ఏప్రిల్లో మా మేనేజర్ ఊరగాయల మీద నాలుగు వేల పదాలకు తగ్గకుండా ఒక్క వ్యాసం కావాలన్నాడు. పొడుగ్గా ఉంటేనే గూగుల్ పైన చూపిస్తుందని ఆయన నమ్మకం. తమకు ఇష్టమైన పదాల సంఖ్యంటూ ఏదీ లేదని గూగుల్ వాళ్లే తమ సూచనల్లో రాసుకున్నారు. ఆ ముక్క చూపిస్తే, "అలాగే అంటారులే, నువ్వు రాయి" అన్నాడు.

రాశాను. మొదటి ఆరు వందల పదాల్లో మా అమ్మమ్మ, ఆవిడ జాడీలు, మా పెరటి చెట్టు వచ్చాయి. మాకు పెరడు లేదు, అది వేరే సంగతి. వాక్యం విడిచి వాక్యంలో "ఆవకాయ తయారీ విధానం" అని ఇరికించాను. ఇలా ఇరికించడాన్ని గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుందని తెలిసీ ఆ పని చేశాను. నెలాఖరు కదా.

అంత పొడుగు వ్యాసానికి పైన ఒక విషయసూచిక పెట్టాలి. ప్రతి శీర్షికకూ లోపల కనిపించని పేరు ఒకటి పెడతాం. సూచికలో నొక్కితే బ్రౌజర్ ఆ పేరు వెతుక్కుంటూ వెళ్లి అక్కడ ఆగుతుంది. ఆ పేరు తెలుగులో పెడితే లింకు కాపీ చేసినప్పుడు ఒక్క 'క' అక్షరమే శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులవుతుంది. అలాంటి లింకు ఒకసారి వాట్సాప్‌లో పంపితే మా పిన్ని భయపడి ఫోన్ ఆపేసింది. అందుకని ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా 'కొలతలు' అని పెట్టాను. మాగాయ దగ్గరికొచ్చేసరికి సాయంత్రం ఏడైంది. ఆవకాయ భాగాన్నే కాపీ చేసి, కింద అతికించి, అంకెలు మార్చాను. లోపలి పేరు మార్చడం మర్చిపోయాను. ఒకే పేరు రెండు చోట్ల ఉంటే బ్రౌజర్ గొడవేమీ చేయదు, నోరు మూసుకుని మొదటి దాని దగ్గరికి తీసుకెళ్తుంది. అటెండెన్సులో ఇద్దరు శ్రీనివాసులుంటే ముందువాడే పలికినట్టు.

ఇక మా బాబాయి. ఆడిట్ డిపార్ట్‌మెంట్లో రిటైరై, ఇక్కడే బెళ్లందూరులో ఉంటున్నాడు. పిన్ని కూతురి పురిటికి డల్లాస్ వెళ్లింది. ఆవిడ వచ్చేసరికి మాగాయ పెట్టి ఆశ్చర్యపరచాలని బాబాయికి బుద్ధి పుట్టింది. జన్మలో ఎప్పుడూ గరిటె పట్టింది లేదు. కానీ రాసినది రాసినట్టు పాటించడంలో ఆయన్ని మించినవాడు లేడు. "మనవాడు రాశాడు, తప్పుండదు" అని నా వ్యాసమే పట్టుకున్నాడు.

మడివాళ మార్కెట్ నుంచి ఐదు కేజీల కాయలు తెచ్చాడు. తొక్కతీసి, తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి మూడు రోజులు ఊరేశాడు. ముక్కలు పిండి బాల్కనీలో ఆరబోశాడు. మే నెలలో బెంగళూరు ఎండని నమ్మడానికి లేదు, మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టగానే పళ్లెం పట్టుకుని లోపలికి పరుగు. అలా ఐదు రోజులు. ఇంతవరకూ అంతా శాస్త్రప్రకారమే జరిగింది.

ఆరో రోజు చేతినిండా నూనె, కారం. వేలి కణుపుతో సూచికలో 'మాగాయ కొలతలు' నొక్కాడు. ఫోన్ ఆయన్ని తిన్నగా ఆవకాయ కొలతల దగ్గర దింపింది. అక్కడ శీర్షిక ఉత్తి 'కొలతలు'. దేని కొలతలో రాయాలని నాకు తోచలేదు. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ముప్పావు గిన్నె ఉప్పు. అప్పటికే ఉప్పులో మూడు రోజులు మునిగిన ముక్కలవి! బాబాయికి ఆవపిండి దగ్గర అనుమానం వచ్చిందిట. కానీ అప్పుడు డల్లాస్‌లో రాత్రి ఒంటిగంటన్నర. "రాతపూర్వకంగా ఉంది కదా అని వేసేశాను" అన్నాడు.

ఆదివారం నన్ను పిలిపించాడు. వ్యాసం మొత్తం ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో కూర్చున్నాడు.

"విషయసూచికలో పేజీ నంబర్లు లేవేంరా?"

"అది నొక్కాలి బాబాయ్."

"నొక్కాను కదరా. నొక్కబట్టే కదా ఈ గతి." పేజీ తిప్పాడు. "ఆరో పేజీ దాకా మామిడికాయ కనపడలేదు. ఈ అమ్మమ్మ కథ ఎవరికోసం?"

"గూగుల్ కోసం."

"గూగుల్ మాగాయ పెట్టుకుంటుందా?"

నేను మాట మార్చడానికి శీర్షికల్లో స్థాయిలుంటాయనీ, హెచ్‌1 నుంచి హెచ్‌6 దాకా ఆరు ఉంటాయనీ చెప్పాను. అక్కడే పొరపాటు చేశాను. బాబాయి కళ్లు మెరిశాయి.

"ఆరా? మా సర్కారు పద్దుల్లోనూ ఆరేరా! మేజర్ హెడ్, సబ్‌ మేజర్ హెడ్, మైనర్ హెడ్, సబ్‌ హెడ్, డిటెయిల్డ్ హెడ్, ఆబ్జెక్ట్ హెడ్. ఖర్చు ఏ హెడ్ కింద పడాలో అక్కడే పడాలి. మరి నీ వెల్లుల్లి ఆవకాయ, ఆవకాయ కింద సబ్‌ హెడ్‌గా ఉండక మాగాయతో సమానంగా మేజర్ హెడ్‌లో ఎందుకు కూర్చుంది?"

"ఆ సైజు అక్షరాలు అక్కడ బాగున్నాయని..."

బాబాయి పెన్ను మూత పెట్టేశాడు. ముప్పయ్యారేళ్ల సర్వీసులో ఇంత మాట వినలేదన్నట్టు కాసేపు కిటికీ వైపు చూశాడు. "హెడ్ లోపలి సరుకుకి సరిపోవాలిరా" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతలో పక్క ఫ్లాట్ కన్నడావిడ గిన్నె తిరిగివ్వడానికొచ్చింది. ముందురోజు ఆవిడకి రుచికి పంపాడట. ఎలా ఉందని అడిగితే మొహమాటంగా నవ్వి, "ఉప్పినకాయి చెన్నాగిదె" అంది. కన్నడంలో ఊరగాయకి ఆ మాటే వాడతారు, ఉప్పుకాయ అని అర్థం. ఆవిడ మామూలుగానే అంది పాపం. బాబాయి మాత్రం ఆ మాటని రెండుసార్లు లోపల అనుకున్నాడు.

ఆ రాత్రే వ్యాసం సరిచేశాను. రెండు కొలతలకీ వేరు వేరు పేర్లు పెట్టాను, శీర్షికల్లో ఏది దేనిదో రాశాను. అమ్మమ్మని చివరికి పంపాను.

మర్నాడు ఆఫీసుకి బయల్దేరుతుంటే సెక్యూరిటీ అతను ఒక జాడీ అందించాడు. బాబాయి పంపిన నా వాటా. మూత మీద తెల్ల కాగితం అంటించి ఉంది. దాని మీద 'మాగాయ' అని నీటుగా రాసి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కింద 'ఉప్పినకాయి' అని దిద్ది ఉంది.