డాక్టరుగారు చెప్తారు

ఆస్పత్రుల్లో రోగికీ, బంధువులకీ, సిబ్బందికీ మధ్య మాటలు పెరగాలని ఈమధ్య కొందరు పట్టుబడుతున్నారు. బాధ్యత గల వ్యక్తిగా దీన్ని ఖండించక తప్పడం లేదు. మాటలు పెరిగితే ప్రశ్నలు పెరుగుతాయి. ప్రశ్నలు పెరిగితే రౌండ్స్ ఎప్పటికి తెమలాలి?

ఇప్పుడున్న ఏర్పాటుకేం తక్కువ? సిస్టర్‌ని అడిగితే "డాక్టరుగారు చెప్తారు" అంటుంది. డాక్టరుగారిని అడిగితే "రిపోర్టులు రానివ్వండి" అంటారు. రిపోర్టులొచ్చేసరికి డ్యూటీ మారుతుంది. కొత్తాయన కేస్ షీటు తిరగేసి, "ఇంతకీ ఏమిటి ప్రాబ్లమ్?" అని మనల్నే అడుగుతారు. రోగిని ఇంతగా గౌరవించే చోటు ఇంకెక్కడుంది?

పైగా ఎంత టైము ఆదా! రోగి నోరు విప్పిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నారని 1984లో అమెరికాలో లెక్కగట్టారు. 2018లో వెలువడిన ఇంకో అధ్యయనంలో అది 11 సెకన్లకి దిగింది. వైద్యం ముందుకు పోవడం లేదని ఎవరన్నారు?

ఇక ఐసీయూ తలుపు బయట జరిగే శాస్త్రచర్చ సంగతి. లోపలివాళ్లు ఏమీ చెప్పరు గనక బయటివాళ్లు డాక్టరు నడక చదవడం నేర్చుకుంటారు. గబగబా వెళ్తే సీరియస్. నెమ్మదిగా వెళ్తే మరీ సీరియస్. ఫోన్ చూసుకుంటూ వెళ్తే ఫరవాలేదు. ఆయన లిఫ్ట్ అందుకోవడానికే పరిగెత్తాడని తేలేలోపు చుట్టాలందరికీ కబురు వెళ్లిపోయి, సగం మంది బయల్దేరి ఉంటారు.

లోపల వెంటిలేటర్ మీదున్నాయన గొంతులో గొట్టం. చెయ్యి ఊపుతాడు. "కంగారుపడకండి, పడుకోండి" అంటారు. ఇంకా గట్టిగా ఊపుతాడు. చెయ్యి కట్టేస్తారు. పాపం, ఆయన అడిగింది కళ్లజోడు. మంచం పక్కన బొమ్మలూ అక్షరాలూ ఉన్న అట్ట ఒకటుంటే వేలితో చూపిస్తాడట, దాహమో నొప్పో తెలిసిపోతుందట. అన్నీ తెలిసిపోతే ఇక మన ఊహాశక్తి ఏం కావాలి?

డిశ్చార్జి రోజు మాత్రం అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. వైద్యులు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అప్పటికప్పుడే మర్చిపోతారని 2003 నాటి ఓ వ్యాసం చెబుతోంది. అందుకని, "ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో మీ మాటల్లో చెప్పండి" అని అడిగి చూడాలట. రోగి తప్పు చెబితే లోపం వివరించినవాళ్లదట, మళ్లీ వివరించాలట! అన్నేళ్లు చదివొచ్చింది ఇంకా పరీక్షలు రాయడానికా?

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంగ్లండులో 2024లో మొదలైన మార్తా రూల్. తల్లిదండ్రులు మొత్తుకున్నా పట్టించుకోక, మార్తా అనే పదమూడేళ్ల పిల్ల సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిని, చనిపోయాక పుట్టిన నిబంధన అది. పరిస్థితి దిగజారుతోందనిపిస్తే ఇంటివాళ్లు ఏ వేళప్పుడైనా వేరే వైద్యబృందాన్ని పిలిపించవచ్చు. రోగి ఎలా ఉన్నాడో రోజూ ఇంటివాళ్లని కూడా అడిగి రాసుకోవాలి. బీపీకి గడి ఉంది, పల్స్‌కి గడి ఉంది, జ్వరానికి గడి ఉంది. "ఎందుకో నా పిల్ల తేడాగా ఉందండీ" అని తల్లి అంటే, దాన్ని ఏ గడిలో రాయాలి?