బ్రేకు డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోయమన్నదెవరప్పా?

అనంతపురంలో పాతబండి ఉన్న ప్రతివాడి ఫోనుకూ ఒక మెసేజీ చేరింది. నాకైతే నలుగురు పంపినారు. దాంట్లో ఉన్నది ఇదీ: పదేళ్లు దాటిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టే, చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది. స్టార్ట్ చేసిన వెంటనే గట్టిగా రేస్ చేస్తే శబ్దం పోతుంది. బ్రేకులు పట్టేస్తుంటే డబ్బాలో ఆయిల్ తగ్గినట్టు, ఏ ఆయిలైనా పోసుకోవచ్చు. అప్పటికీ వదలకుంటే బ్రేకు లైనర్లు మార్చాలి.

చివరి రెండు మాటలతోనే మొదలుపెడతా, ప్రాణాలతో పని కాబట్టి.

బ్రేకు ఆయిల్ అని నోటి అలవాటుగా అంటాం గానీ అది ఆయిలే కాదు. మన కార్లలో పోసే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. పెడల్ తొక్కితే ఆ ద్రవాన్ని చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్లో, చక్రాల సిలిండర్లలో ఉండే రబ్బరు వాషర్లు దానికి తగ్గట్టు చేసినవి. వాటికి ఇంజిన్ ఆయిల్, డీజిల్, మామూలు గ్రీజు ఏది తగిలినా ఉబ్బిపోతాయి. మాస్టర్ సిలిండర్లో పెడల్ వదిలినప్పుడు ద్రవం వెనక్కి పోవడానికి సన్న రంధ్రం ఒకటుంటుంది. ఉబ్బిన వాషర్ దాన్ని మూసేస్తే ప్రెజర్ లోపలే ఉండిపోయి నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. బ్రేకు వదలడానికని పోసిందే బ్రేకు పట్టేయిస్తుందన్నమాట.

పోయిన ఎండాకాలం తాడిపత్రి వైపు నుంచి ఒక మారుతి 800ని తాడు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చినారు. ఎవరో చెప్పినారని అర గ్లాసు ఇంజిన్ ఆయిల్ పోసినాడంట. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, హోసు పైపులు, ప్యాడ్లను నొక్కే కాలిపర్ల కిట్లు అన్నీ మార్చి, ఇనుప పైపులు కడిగితే గానీ బండి కదల్లేదు. అసలు డబ్బాలో లెవెల్ తగ్గడానికీ పట్టేయడానికీ సంబంధమే లేదు. ప్యాడ్లు అరిగినా, ఎక్కడైనా లీకున్నా లెవెల్ తగ్గుతుంది.

మరి లైనర్లు? అవి పాపం చాలాసార్లు తప్పు లేకుండా శిక్ష పడేవాళ్లు. ముందు ఏ చక్రమో పట్టుకోండి. బ్రేకు ఎక్కువ తొక్కకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తాకొద్దు, కాలుతుంది. ఒకటి మాత్రమే పెనంలా ఉంటే దొంగ అక్కడే. హ్యాండ్ బ్రేకు వదిలేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, దాన్ని జాకీ మీద లేపండి. పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. తిరగకపోతే బ్లీడింగ్ నిపుల్, అంటే చక్రం దగ్గర బ్రేకు ద్రవం బయటికి వదిలే చిన్న మర, కొంచెం వదులు చేయండి. ద్రవం చిమ్మి, చక్రం ఫ్రీ అయితే లోపల ప్రెజర్ ఇరుక్కుంది: లోపల ఉబ్బిన హోసు పైపు కావచ్చు, మాస్టర్ సిలిండర్ కావచ్చు. పైకి కొత్తగా కనిపించే హోసు కూడా లోపల మూసుకుపోయి ద్రవాన్ని పోనిచ్చి, రానివ్వదు. నిపుల్ వదులు చేసినా చక్రం తిరగకపోతే తప్పు ఇనుముది: తుప్పుపట్టిన పిస్టన్, ఎండిపోయిన కాలిపర్ పిన్నులు, వెనక చక్రాలకైతే హ్యాండ్ బ్రేకు కేబుల్. తాడిపత్రి రాతి పాలిష్ యూనిట్ల దారుల్లో తిరిగే బండ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. ఆ బూడిదరంగు రాతిబురద డ్రమ్ములో ఎండిందంటే సిమెంటే. విప్పి శుభ్రం చేసి, పిన్నులకు బ్రేకు గ్రీజు పెడితే చాలు.

ఇక పొద్దుటి టకటక. ఎట్లా వస్తోందని కాదు, ఎప్పుడు ఆగిపోతుందని వినండి. రెండుమూడు సెకన్లలో ఆగితే, రాత్రి కిందికి దిగిన ఆయిల్ మళ్లీ పైకెక్కుతోందని అర్థం. ఫిల్టర్లో ఆయిల్‌ను ఆపే రబ్బరు వాల్వు గట్టిపడినా ఇట్లాగే ఉంటుంది. ఫిల్టర్ మార్చి చూడండి. వేడెక్కినా అదే లయలో ఉంటే ట్యాపెట్లు, అంటే వాల్వులను నొక్కే భాగాలు. మారుతి 800లో వాటి గ్యాప్ స్క్రూతో సరిచేసేదే, అరపూట పని. కీచుమంటే ఫ్యాన్ బెల్టు. దబదబమని బోలు శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ కాస్త లూజు. దాంతోనే ఏళ్లు నడిచిన బండ్లున్నాయి. భయపడాల్సింది దీనికి తలకిందులైన శబ్దానికి: వేడయ్యే కొద్దీ, లోడు పడే కొద్దీ పెరిగే లోతైన దెబ్బ. అది ఇంజిన్ లోపలి బేరింగు. ఆయిల్ లైటు కూడా వెలుగుతుంటే ఇంజిన్ ఆపేయండి, షెడ్డు దాకా కూడా నడపొద్దు.

చిక్కటి ఆయిల్ గురించి ఒక మాట ఒప్పుకుంటా. బాగా అరిగిన ఇంజిన్లో, కంపెనీ పుస్తకం ఒప్పుకునే హద్దులో ఒక మెట్టు చిక్కనిది వేస్తే వేడి మీద ప్రెజర్ కొంచెం నిలుస్తుంది. కానీ పొద్దుటి శబ్దానికి అది మందు కాదు, ఎదురు పనిచేస్తుంది. చిక్కనయ్యే కొద్దీ పైకెక్కడం ఆలస్యమవుతుంది. పాతబండి అమ్మేవాడికి మాత్రం బాగా పనికొస్తుంది, బేరం తెగేదాకా వేడి మీద వచ్చే శబ్దం కప్పిపెడుతుంది! ఇక రేస్ చేయడమంటారా, ఆయిల్ ఇంకా చేరని బేరింగులను రుద్దడమే. అర నిమిషం ఆగి, నిదానంగా కదలండి.

మెసేజీ పంపినవాళ్లలో ఒకాయన ఓమ్నీ నిన్న షెడ్డుకొచ్చింది. పొద్దున టకటక, వేడెక్కితే మాయం. మూత తీస్తే సైలెన్సర్ మానిఫోల్డు అతుకు దగ్గర నల్లటి మసి. నట్లు రెండు లూజు; చల్లగా ఉన్నప్పుడు గాలి తన్నుతోంది, ఇనుము సాగినాక మూసుకుంటోంది. గ్యాస్కెట్ మార్చి బిగించినా.

“చిక్కటి ఆయిల్ మూడు లీటర్లు కొనేసినానే అప్పా, ఏం చేయాల ఇప్పుడు?” అన్నాడు.

“డబ్బా ఇప్పకపోయింటే అంగట్లో తిరిగిచ్చేయన్నా” అన్నా.