పులి దూకింది, బోర్డు బెదిరింది

పులుల వల్ల మన పిల్లలకు పొంచి ఉన్న ముప్పును ముందుగా పసిగట్టిన ఘనత అటవీ శాఖకు దక్కాల్సింది. సెన్సార్ బోర్డు కొట్టేసింది.

2016లో ‘ది జంగిల్ బుక్’ సినిమా అమెరికా కన్నా వారం ముందే, ఏప్రిల్ 8న, మన దగ్గర విడుదలైంది. ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు, నాలుగు భాషల్లో. కథ నూట ఇరవై ఏళ్ల నాటిది. రాసిన రడ్యార్డ్ కిప్లింగ్ పుట్టింది బొంబాయిలో, కథ జరిగేది మధ్యప్రదేశ్ అడవుల్లో. ఆ లెక్కన తోడేళ్లు పెంచిన ఆ కథానాయకుడు మోగ్లీ మనింటి కుర్రాడే. అయినా బోర్డు ‘యు’ ఇవ్వలేదు, ‘యు/ఎ’ ఇచ్చింది. అంటే, అప్పటి నిబంధన ప్రకారం, పన్నెండేళ్ల లోపు పిల్లలకు చూపించాలా వద్దా అని పెద్దలు ఆలోచించుకోవాలన్నమాట. కారణం అడిగితే అప్పటి అధ్యక్షులు పహ్లాజ్ నిహలానీ గారు సెలవిచ్చింది ఇదీ: పుస్తకానికున్న పేరు చూసి ఒక నిర్ణయానికి రావద్దు, సినిమా చూడండి, త్రీడీలో జంతువులు ప్రేక్షకుల మీదికి దూకుతున్నట్టే ఉన్నాయి.

దూకుతాయండీ. దూకడానికే కదా కళ్లద్దాలకు వేరే డబ్బులు గుంజేది.

ఆ ప్రివ్యూ ఎలా జరిగి ఉంటుందో భయభక్తులతో ఊహించుకుందాం. పెద్ద సినిమాని పరిశీలించే కమిటీలో ఒక అధికారి, నలుగురు సభ్యులు ఉంటారు. ఆ నలుగురిలో ఇద్దరు మహిళలు. ఐదుగురూ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో ప్యాడ్లు, చేతిలో పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. మొదటి పావుగంట ప్రశాంతం. ఎవరూ సిగరెట్ కాల్చలేదు, మందు తాగలేదు, ఏ కులాన్నీ ఏమీ అనలేదు. ప్యాడ్లు ఖాళీ. అంతలో పులి షేర్ ఖాన్ దూకాడు. ఒకరి పెన్ను ముందు వరుసలో పడింది. ఒకరు చేతిలో టీ ఒలకబోసుకున్నారు. అధికారి మాత్రం ధైర్యం కూడదీసుకుని, పులి తన దాకా రాలేదని తడిమి నిర్ధారించుకుని, అది ఎన్నో నిమిషమో రాసుకున్నారు. తర్వాత చర్చ. పులికి జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉందా అని ఒకరు. ఎలుగుబంటి తేనె దొంగతనం చేయడం పిల్లలకు తప్పుడు సందేశం కదా అని ఇంకొకరు. కొండచిలువ మరీ బారుగా ఉంది, ఏం చేద్దాం అని వేరొకరు. దీనికి మాత్రం బోర్డు దగ్గర అనుభవం ఉంది. అంతకు ఐదు నెలల ముందు, 2015 నవంబరులో, జేమ్స్ బాండ్ ముద్దును కొలిచి సగానికి కోసిన చెయ్యే ఇది. ముద్దును కోసినవాళ్లకు పామును కొయ్యడం ఒక లెక్కా?

ఇక ఈ దూకుడు సంగతి. త్రీడీలో ఎడమ కంటికో బొమ్మ, కుడి కంటికో బొమ్మ విడివిడిగా వేస్తారు. ఎడమ కంటి బొమ్మను తెర మీద కొంచెం కుడికి, కుడి కంటిదాన్ని కొంచెం ఎడమకి జరిపితే మన చూపులు తెరకు ముందే కలుసుకుంటాయి. పులి అక్కడ నిలబడ్డట్టు మెదడు నమ్మేస్తుంది. పెద్దవాళ్ల కళ్ల మధ్య దూరం దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు. తెరకు పది మీటర్ల దూరంలో కూర్చున్నామనుకోండి. రెండు బొమ్మలనూ అదే ఆరున్నర సెంటీమీటర్లు ఎడం చేస్తే పులి సరిగ్గా సగం దూరం, అంటే ఐదు మీటర్లు వచ్చి ఆగుతుంది. పిల్లవాడి కళ్ల మధ్య ఐదు సెంటీమీటర్లే ఉంటే ఇంకో అరమీటరు పైచిలుకు దగ్గరికి వస్తుంది. బోర్డు ఈ లెక్క చూపించి ఉంటే ఈ కాలమ్ రాసే పని తప్పేది. కానీ వాళ్లు చూసింది లెక్క కాదు, పులిని.

పైగా ఆ లెక్క కూడా మన థియేటర్లో చెల్లదు. అక్కడ ఇచ్చే కళ్లద్దాలు పెద్దవాళ్ల ముక్కుకు కొలిచినవి. ఆరేళ్ల బుడ్డోడి ముక్కు మీద రెండు నిమిషాలు నిలవవు. ఒక చేత్తో అద్దాలు ఎత్తి పట్టుకుని రెండో చేత్తో పాప్‌కార్న్ ఏరుకుంటుంటాడు. పులి దూకే వేళకు అవి గడ్డం మీదికి జారి ఉంటాయి, వాడికి కనిపించేది అలుక్కుపోయిన జంట పులి. దడుసుకునేది పక్క సీట్లో అద్దాలు సరిగ్గా సరిపోయిన నాన్నారే.

అమెరికాలోనూ దానికి ‘పీజీ’యే, అంటే పెద్దలు చూసుకుని చూపించమనే సర్టిఫికెట్టే, ఇచ్చారు కదా అని బోర్డు తరఫున వకాల్తా పుచ్చుకునేవారుంటారు. నిజమే, ఇచ్చారు. భయపెట్టే సన్నివేశాలు కొన్ని ఉన్నాయని ఒక ముక్క రాసి ఊరుకున్నారు. ‘యు/ఎ’ ఇవ్వడం మహాపరాధమేమీ కాదు. నవ్వొచ్చేదల్లా జంతువు దూకిందన్న ఆ ఫిర్యాదుకే. ఆ సినిమాలో ఒళ్లున్న ప్రాణి దాదాపు ఆ పిల్లవాడొక్కడే. మిగతా అడవంతా కంప్యూటర్లలో పెరిగింది. తీసింది లాస్ ఏంజిలిస్ నగరం నడిబొడ్డున అని చివర్లో వాళ్లే అచ్చేసుకున్నారు. ఆ జంతువులకు బొచ్చు మొలిపించిన స్టూడియోకి బెంగళూరులోనూ శాఖ ఉండేది, అక్కడా ఈ సినిమా పని జరిగింది. ఆ పనికే 2017లో ఆస్కార్ వచ్చింది. మనవాళ్లు చెయ్యేసిన బొచ్చుకు మనవాళ్లే జడుసుకున్నారు.

పెద్దవాళ్ల పిరికితనం విషయంలో ప్రపంచం మనకేమీ తీసిపోలేదులెండి. 1999లో డిస్నీ వాళ్లు ‘ది రెస్క్యూయర్స్’ వీడియో క్యాసెట్లు 34 లక్షలు వెనక్కి పిలిపించారు. కార్టూన్ ఎలుకలు ఎగురుతూ పోతుంటే వెనకాల ఒక కిటికీలో దుస్తుల్లేని స్త్రీ ఫొటో, రెండంటే రెండే ఫ్రేముల్లో ఉందట. సెకనుకు 24 ఫ్రేములు, డెబ్బై ఏడు నిమిషాల సినిమా. లక్షా పదివేలకు పైగా ఫ్రేముల్లో ఆ రెండింటినీ పట్టుకోవాలంటే రిమోట్ అరిగేదాకా ఆపి ఆపి చూడాలి. ఏ పసివాడూ అంత కష్టపడడు.

ఇంతకీ దూకే జంతువులు మన పిల్లలకు కొత్తా? తెలుగువాడు తీసుకున్న తొలి టాకీ, 1932 నాటిది, ‘భక్త ప్రహ్లాద’. 1967లో రోజారమణి ప్రహ్లాదుడిగా, ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిగా మళ్లీ వచ్చింది. కథ ఏమిటి? కన్నతండ్రి కొడుకును ఏనుగులతో తొక్కించమంటాడు, పాములతో కరిపించమంటాడు, కొండ మీంచి తోయించమంటాడు, విషం పెట్టిస్తాడు. అన్నీ అయ్యాక స్తంభం చీల్చుకుని సగం సింహం దూకుతుంది. గడప మీద కూర్చుని గోళ్లతో పొట్ట చీల్చి, పేగులు మెడలో వేసుకుంటుంది. దీన్ని మనం తరతరాలుగా అన్నం ముద్దలతో కలిపి పిల్లల నోట్లో పెట్టాం, పోతన పద్యాలు నంజుకోవడానికిచ్చి. 2025లో ఇదే నరసింహుడు యానిమేషన్‌లో, త్రీడీలో ‘మహావతార్ నరసింహ’గా వస్తే జనం పిల్లల్ని ఎత్తుకెళ్లి చూపించారు, చెప్పులు విడిచి దండం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బోర్డు వారి భాషలో చెప్పాలంటే స్వామి ప్రేక్షకుల మీదికే దూకాడు. పిల్లలు బాగానే ఉన్నారు. గెలిచేది పిల్లవాడేనని వాళ్లకు తెలుసు. మోగ్లీ కథలోనూ అంతే.

ఇప్పుడు సెకండ్ షోకి రండి. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా. నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని లోపలికి వస్తున్నారు. మూడేళ్లు దాటిందా, టికెట్ తియ్యండి అంటారు గేటు దగ్గర. పద్దెనిమిది దాటిందా అని అడిగే నాథుడు లేడు. మైనర్‌కు ‘ఎ’ సినిమా చూపిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని సినిమాటోగ్రాఫ్ చట్టంలోనే ఉంది, 7వ సెక్షన్‌లో. ఎవడికి పట్టింది? తెర మీద పీకలు తెగుతుంటాయి. డాల్బీ మోతకు సీటు అదురుతుంటుంది. ఆ పిల్ల రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని తల్లి భుజంలో మొహం దూర్చేస్తుంది. కళ్లు మూసుకో బంగారం అంటాడు తండ్రి, తను మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తూ. సిగ్గుండాలి! తండ్రికీ, గేటు దగ్గర టికెట్ చించినవాడికీ, తనిఖీ చెయ్యని అధికారికీ, ముగ్గురికీ ఉండాలి. టీవీలో ఆరేళ్ల పాపకు లిప్‌స్టిక్ పూసి ఐటమ్ సాంగ్‌కు నడుం తిప్పిస్తే జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. 2019 జూన్‌లో కేంద్రం చానళ్లకు ఒక సలహా ఉత్తరం రాసింది, ఇలాంటివి వద్దర్రా అని. అంతే. పులికేమో సర్టిఫికెట్టు, దీనికేమో ఉత్తరం!

పిల్లల కోసమంటూ 1955లో పెట్టిన బాలల చలనచిత్ర సమితిని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. రెండేళ్లకోసారి బంగారు ఏనుగు బహుమతులిచ్చే బాలల చిత్రోత్సవానికి హైదరాబాదే పుట్టిల్లులా ఉండేది. ఇరవయ్యోది 2017 నవంబరులో జరిగింది. పిల్లల సినిమా తీసేవాడు లేకుండా చేశాక, పిల్లల సినిమా వల్ల ప్రమాదమూ ఉండదు. బోర్డు వారు నిశ్చింతగా టీ తాగొచ్చు.

ఇప్పుడు కొత్త ఏర్పాటు వచ్చింది. 2023 సవరణతో ‘యు/ఎ’ని మూడు ముక్కలు చేశారు: ఏడు ప్లస్, పదమూడు ప్లస్, పదహారు ప్లస్. ఆ అంకెను అమలు చేయాల్సింది తల్లిదండ్రులే, ఇంకెవరూ జోక్యం చేసుకోకూడదని చట్టంలోనే రాశారు. చాలా బాగుంది. బళ్లో చేర్చడానికి వయసు పెంచి, బస్సులో అర టికెట్టుకు తగ్గించడంలో చేయి తిరిగినవాళ్లం. ఏడు ప్లస్ అంటే ఏడు నిండాలా, ఏడో ఏడు నడుస్తుంటే చాలా అన్న సందేహం కూడా మనమే తీర్చుకుంటాం.