ముందు విచారణ, ఆ తర్వాతే పంపివేత

హత్య జరిగితే హంతకుడిని పట్టుకోవాలి, కోర్టులో నిలబెట్టాలి, నేరం రుజువైతే శిక్ష పడాలి. అందరికీ తెలిసిన ఈ మాటను మళ్లీ గట్టిగా చెప్పవలసిన పరిస్థితి దక్షిణ ఒడిశాలోని మన జిల్లాల్లో వచ్చింది. 2025 డిసెంబరు మొదటి వారంలో మల్కన్‌గిరి జిల్లాలో నది ఒడ్డున ఒక ఆదివాసీ మహిళ మృతదేహం దొరికింది. తల లేదు. అనుమానం పక్కనున్న బెంగాలీల ఊరు ఎంవీ-26 మీదికి మళ్లింది. రోజులు తిరగకుండానే ఆయుధాలతో వచ్చిన గుంపు ఆ ఊరి మీద పడి ఇళ్లకు నిప్పు పెట్టింది. కట్టుబట్టలతో జనం పరుగులు తీశారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసి, బలగాలను దింపితే గానీ పరిస్థితి అదుపులోకి రాలేదు. ఆ తల్లిని చంపినవారికి కఠిన శిక్ష పడి తీరాలి. ఇళ్లు కాల్చినవారికీ పడాలి. ఒక నేరం రెండో నేరాన్ని మాఫీ చేయదు.

ఆ మంటలు ఆరాక కూడా ఒక వాదన ఆరలేదు. మల్కన్‌గిరి జిల్లా మోటు నుంచి కోరాపుట్ జిల్లా జైపూర్ దాకా, తెలుగువారి దుకాణాల ముందు, బస్టాండుల్లో అది వినిపిస్తూనే ఉంది. ‘బయటినుంచి వచ్చినవాడు నేరం చేస్తే కేసు, కోర్టు ఎందుకు? వచ్చిన చోటికి పంపేస్తే పీడ విరగడవుతుంది’ అన్నది ఆ వాదన. వినడానికి కఠినంగా, న్యాయంగా అనిపిస్తుంది. నిజానికి నేరస్థుడికి ఇంతకు మించిన మేలు లేదు.

ముందుగా, ఎంవీ-26 జనం విదేశీయులన్న గందరగోళాన్ని తొలగించాలి. ఎంవీ అంటే మల్కన్‌గిరి విలేజ్. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వమే అడవి కొట్టించి, భూమి పంచి, పేర్లకు బదులు అంకెలు తగిలించి ఈ ఊళ్లను కట్టింది. అక్కడ పుట్టి పెరిగిన మూడో తరం ఈ దేశ పౌరులు. వారిలో ఎవరైనా నేరం చేస్తే మనలో ఎవరికైనా పట్టే గతే వారికీ పడుతుంది. వారిని పంపడానికి మరో దేశం లేదు.

మన ప్రాంతంలో ఆశ్రయం పొందినవారు వేరే ఉన్నారు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1960లలో స్థిరపడిన టిబెటన్లు మొక్కజొన్న పండిస్తారు. చలికాలం రాగానే స్వెటర్ల మూటలతో మన పట్టణాలకు వస్తారు. 1990లో ప్రాణభయంతో వచ్చిన శ్రీలంక తమిళులకు మల్కన్‌గిరిలో శిబిరం ఏర్పాటైంది. వీరిలో ఒకరి మీద రేపు తీవ్రమైన ఆరోపణ వస్తే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఆరోపణ వచ్చిన వెంటనే దేశం దాటిస్తే ఏమవుతుందో ఊహించండి. నేరం నిజంగా అతనే చేసి ఉంటే శిక్ష తప్పించుకుంటాడు. చార్జిషీటు ఉండదు, సాక్ష్యం ఉండదు, తీర్పు ఉండదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, అత్యాచారానికి గురైన యువతికి కోర్టు గుమ్మం ఎక్కే అవకాశమే పోతుంది. అతను వేరే పేరుతో మరో దారిలో తిరిగి వచ్చినా పట్టుకోవడానికి నేర చరిత్ర అనేదే నమోదై ఉండదు. అతను నిర్దోషి అయితే, ఏ ప్రభుత్వం చేతికి చిక్కకూడదని పారిపోయి వచ్చాడో ఆ ప్రభుత్వానికే మనం చేతులు కట్టి అప్పగించినట్టు. ఇక అసలు నేరస్థుడు మన ఊళ్లోనే నిశ్చింతగా తిరుగుతాడు. ఎటు చూసినా నష్టపోయేది బాధితులే. పోలీసులకు మాత్రం ఒక ఫైలు మూసేసి చేతులు దులుపుకునే వీలు దొరుకుతుంది.

ఆరోపణకూ రుజువుకూ ఉన్న తేడా తెలిసే చట్టం కూడా రాశారు. శరణార్థుల హక్కులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం, ప్రాణాపాయం ఉన్న చోటికి ఎవరినీ తిప్పి పంపరాదని చెబుతూనే ఒక మినహాయింపు పెట్టింది. దేశ భద్రతకు ముప్పు అయినవారికి, అత్యంత తీవ్రమైన నేరంలో తుది తీర్పుతో దోషిగా తేలి సమాజానికి ప్రమాదకరంగా మారినవారికి ఆ రక్షణ ఉండదు. మన దేశం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. కానీ 2025 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన మన కొత్త వలస, విదేశీయుల చట్టం కింద జారీ అయిన ఉత్తర్వు కూడా హత్య, అత్యాచారం, గూఢచర్యం వంటి నేరాల్లో దోషిగా తేలిన విదేశీయుడికే ప్రవేశం, నివాసం నిరాకరించవచ్చని అంటోంది. దోషిగా తేలాలి. ఎఫ్‌ఐఆర్‌లో పేరు ఎక్కితే చాలదు.

కోర్టుల వైఖరిలో మెతకదనం ఏమీ లేదు. విదేశీయులను బహిష్కరించే అధికారం కేంద్రానికి విస్తృతంగా ఉందని సుప్రీంకోర్టు 1955లోనే చెప్పింది. ఉగ్రవాద నిరోధక చట్టం కింద శిక్ష అనుభవించిన ఒక శ్రీలంక తమిళుడు తనను పంపవద్దని 2025 మేలో వేడుకుంటే, భారతదేశం ధర్మశాల కాదంటూ తోసిపుచ్చింది. ఆ వ్యాఖ్యలోని పరుషత్వం మాకు నచ్చలేదు. ప్రాణభయం నిజమా కాదా అన్నది విచారించి తేల్చవలసిన విషయం. అయినా ఆ కేసులోనూ విచారణ జరిగింది, శిక్ష పడింది, బహిష్కరణ మాట ఆ తర్వాతే వచ్చింది. 1996లో చక్మా శరణార్థుల కేసులో ఇదే న్యాయస్థానం, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్ని కాపాడే బాధ్యత రాజ్యానిదేనని తేల్చి చెప్పింది. అరుణాచల్ ప్రదేశ్‌లో వారిని ఊళ్లు ఖాళీ చేసి పొమ్మని బెదిరిస్తున్న రోజుల్లో వచ్చిన తీర్పు అది. మల్కన్‌గిరి అధికారులు దాన్ని చదివి తీరాలి.

ఇతర దేశాల అనుభవం కూడా చూడదగ్గదే. 2024 జులైలో బ్రిటన్‌లోని సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారులను కత్తితో పొడిచి చంపినవాడు ఆశ్రయం కోరి వచ్చినవాడేనని వదంతి పుట్టింది. శరణార్థులున్న హోటళ్ల మీద దాడులు జరిగాయి. తీరా చూస్తే నిందితుడు బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో పుట్టినవాడు. అదే ఏడాది జర్మనీ పట్టణం జోలింగెన్‌లో సిరియా నుంచి వచ్చి ఆశ్రయం కోరిన వ్యక్తి ముగ్గురిని చంపాక, జర్మనీ వారం తిరిగేసరికి 28 మంది అఫ్గాన్లను విమానం ఎక్కించింది. వారందరూ ఏదో ఒక నేరంలో దోషులుగా తేలినవారని ప్రభుత్వం చెప్పింది. తాలిబాన్ పాలనలోకి మనుషులను పంపడం తప్పని మానవ హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ఆ అభ్యంతరంలో బలముంది. ఆస్ట్రేలియా మరో చిక్కులో పడింది. పిల్లవాడిపై లైంగిక నేరానికి శిక్ష పూర్తయిన ఒక రోహింగ్యాను తీసుకునే దేశమే లేకపోయింది. అలా అని అతన్ని జీవితాంతం నిర్బంధంలో ఉంచడం చెల్లదని 2023 నవంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తీర్పునిచ్చింది. పంపేయమని అనడం సులువు, పుచ్చుకునేది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

మన దగ్గర తొందరపాటు ఫలితం ఇప్పటికే చూశాం. 2025 జూన్‌లో ఢిల్లీ నుంచి ఒక గర్భిణిని బంగ్లాదేశీయురాలని సరిహద్దు దాటించారు. సుప్రీంకోర్టు జోక్యంతో డిసెంబరులో ఆమెను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. ఝార్సుగుడలో బెంగాలీ మాట్లాడే కూలీలను వందల సంఖ్యలో పట్టుకెళ్లి, కాగితాలు చూశాక చాలామందిని వదిలేశారు. మాటతీరును బట్టి మనిషిని అనుమానించడం మొదలైతే అది ఒక్క భాషతో ఆగదు. ఒడిశాలో తెలుగు మాట్లాడే మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఆదివాసీల ఆగ్రహానికి మూలం వేరే ఉంది, దాన్ని దాటవేయడం అన్యాయం. వారి అడవి కొట్టే ఆ ఊళ్లు కట్టారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956లోనే ఒడిశా నిబంధన తెచ్చినా, భూములు చేతులు మారుతూనే వచ్చాయి. చేజిక్కించుకున్నవారిలో బెంగాలీలే కాదు, తెలుగు వ్యాపారులూ ఉన్నారు. పొలం గట్ల దగ్గర ఏళ్ల తరబడి తేలని తగాదాలు ఒక హత్యతో బద్దలయ్యాయి. భూమి రికార్డులు సరిచేసి, పోయిన భూములు తిరిగి ఇప్పించవలసిన యంత్రాంగం నిద్రపోతుంటే, ఆ కోపాన్ని విదేశీయుల మీదికి మళ్లించడం నాయకులకు చౌకగా దొరికిన దారి.

ఎంవీ-26 ఘటనలోని హత్య కేసును, దహనాల కేసులను ప్రత్యేక కోర్టులో వేగంగా విచారించాలి. కోయ, బెంగాలీ, ఒడియా, తెలుగు తెలిసిన దుబాసీలను స్టేషన్ స్థాయి నుంచే నియమించాలి. సాక్షి చెప్పింది సాక్షి భాషలోనే నమోదైతే తప్ప ఇక్కడి కేసులు నిలబడవు. విదేశీయుడు దోషిగా తేలితే శిక్ష ఇక్కడే అనుభవించాలి, లేదా 2003 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద, అతని సమ్మతితో, స్వదేశంలో మిగతా శిక్ష పూర్తి చేయాలి. ఆ తర్వాత పంపవచ్చు. చిత్రహింసల భయం ఉందని అతను చెబితే దాన్ని ఒక న్యాయాధికారి విని, కారణాలు రాసి తేల్చాలి. అతని భార్యాబిడ్డల మీద, తోటి శరణార్థుల మీద ఆ నేరం నీడ పడకూడదు.

ఇదంతా అధికారుల దయ మీద కాకుండా చట్టం మీద నడవాలంటే దేశానికి శరణార్థుల చట్టం కావాలి. 2022 ఫిబ్రవరిలో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుడి ఆశ్రయ బిల్లు చట్టం కాలేదు. మల్కన్‌గిరి ఓటర్లు ఎన్నుకున్న నవరంగపూర్ ఎంపీ, రాయగడ ఓట్లతో గెలిచిన కోరాపుట్ ఎంపీ, చంద్రగిరి టిబెటన్లు నివసించే బరంపురం నియోజకవర్గ ఎంపీ ఈ విషయంపై తమ వైఖరి ఏమిటో వచ్చే పార్లమెంటు సమావేశాల్లో సభ లోపలే చెప్పాలని మేము కోరుతున్నాం.